గడి మారితే పట్టా తప్పు చదువుతాం

మావయ్యకు ఒడియా చదవడం రాదు. పర్లాకిమిడి తెలుగువాళ్లలో ఆ వయసువారు చాలామంది అంతే: మాట్లాడతారు, అంకెలు గుర్తుపడతారు, అక్షరాల దగ్గర ఆగిపోతారు. పొలం కొంత పాతపట్నం వైపు ఆంధ్రలో ఉంది, కొంత ఇటు గజపతి జిల్లాలో. ఆంధ్ర కాగితంలో విస్తీర్ణం ఏ గడిలో ఉంటుందో ఆయనకు కంఠతా. అదే అలవాటుతో ఒకరోజు ఒడియా పట్టా మీద వేలు పెట్టి, "మూడెకరాల పన్నెండు డెసిమల్, సరిగ్గానే ఉంది కదరా" అన్నారు. ఆయన వేలు పెట్టిన 312 ప్లాట్ నంబరు.

మా ఆఫీసులో సరిగ్గా ఇలాంటిదే జరిగింది కాబట్టి ఇది రాస్తున్నాను. నేను ఇక్కడ ఇంట్లో కూర్చుని వేరే ఊళ్లో ఉన్న కంపెనీకి పనిచేస్తాను. ఒక రాత్రి పైథాన్ భాషలో రాసిన సర్వీసు ఒకటి బిగుసుకుపోయింది. లోపల ఏ ఫంక్షన్ దగ్గర ఆగిందో చూడటానికి మా దగ్గర పాత స్క్రిప్టు ఉండేది. ఎవరో పైథాన్ 3.9 కాలంలో రాసిపెట్టి వెళ్లిపోయారు. సర్వర్ అప్పటికే 3.11కి మారింది. స్క్రిప్టు ఎర్రర్ ఇవ్వలేదు. రెండు ఫంక్షన్ల పేర్లు చూపి ఆగిపోయింది. ఆ పేర్లు మా కోడ్‌లో ఉన్నవే కావడంతో తెల్లవారేదాకా వాటి వెంటే తిరిగాం. తప్పు మరోచోట ఉంది.

కారణం చిన్నదే. ఒక్కో ఫంక్షన్ పిలుపు వివరాలను మెమరీలో ఉంచే నిర్మాణాన్ని ఫ్రేమ్ అంటారు. 64 బిట్ల మెషిన్ మీద 3.9లో ఫ్రేమ్ మొదలు నుంచి 24వ బైట్ దగ్గర దాన్ని పిలిచిన ఫ్రేమ్ చిరునామా ఉంటుంది. 3.11లో ఫ్రేముల నిర్మాణమే మార్చేశారు. అదే 24వ బైట్ దగ్గర ఇప్పుడు వేరే నిర్మాణానికి పాయింటర్ ఉంది. అదీ చిరునామాయే, చూడటానికి ఏ తేడా కనిపించదు. స్క్రిప్టు మాత్రం 24 అన్న అంకెనే పట్టుకుని కూర్చుంది.

ప్రోగ్రాంను నడిపించే వర్చువల్ మెషిన్ (వీఎం) తన లోపలి అమరికను ఎప్పుడైనా మార్చుకోవచ్చు, మార్చుకోవాలి కూడా. వేగం వచ్చేది, మెమరీ మిగిలేది అక్కడే. నా వాదన ఒక్కటే: మార్చినవాళ్లే ఆ మార్పును యంత్రం చదవగలిగే పట్టికగా రన్‌టైమ్‌లోనే, అంటే ఆ నడిచే వీఎంలోనే, పెట్టి ఇవ్వాలి. బయట డీబగ్గర్లు (తప్పులు వెతికే పనిముట్లు) రాసేవాళ్లు ప్రతి వెర్షన్‌కూ సోర్స్ తవ్వి అంకెలు ఏరుకునే పరిస్థితి ఉండకూడదు.

జావా ప్రోగ్రాంలను నడిపే వీఎం (జేవీఎం) హాట్‌స్పాట్ ఈ పని ఎప్పుడో చేసింది. అందులో వీఎం స్ట్రక్ట్స్ అనే పట్టిక ఉంటుంది. ఒక్కో వరుసలో నిర్మాణం పేరు, ఫీల్డ్ పేరు, దాని రకం, అది ఎన్నో బైట్ దగ్గర ఉందో రాసి ఉంటాయి. ఆ అంకెలు మనుషులు వేసినవి కావు, కంపైలర్ లెక్కగట్టినవి. ఫీల్డ్ జరిగితే అంకె దానంతటదే మారుతుంది. సర్వీసబిలిటీ ఏజెంట్ అనే పనిముట్టు ఆ పట్టికను బయటి ప్రాసెస్ నుంచి చదివి, చచ్చిపోయిన జేవీఎం కోర్ డంప్‌లోంచి (ఆ క్షణాన మెమరీకి తీసిన నకలులోంచి) కూడా థ్రెడ్ల స్టాకులు, అంటే ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో ఆ వరుసలు, బయటికి తీస్తుంది.

పట్టిక ఇస్తే అమరిక శాశ్వతంగా బిగిసిపోతుందని కొందరు వీఎం ఇంజనీర్ల భయం. ఇది రెండు వేర్వేరు మాటలను కలిపేయడం. "విస్తీర్ణం ఎప్పటికీ నాలుగో గడిలోనే ఉంటుంది" అనడం వేరు, "ఈ కాగితంలో విస్తీర్ణం ఏ గడిలో ఉందో పైన రాసి ఉంటుంది" అనడం వేరు. మేం అడుగుతున్నది రెండోదే. హాట్‌స్పాట్‌లో ప్రతి ఆబ్జెక్ట్ మొదట్లో ఉండే హెడర్ సాధారణంగా 12 బైట్లు. దాన్ని 8కి కుదించే సౌకర్యం జావా వెర్షన్ జేడీకే 24లో ప్రయోగాత్మకంగా వచ్చింది, 25లో పూర్తి స్థాయి ఎంపిక అయింది. ఇన్నేళ్లు పట్టిక ఇచ్చినా ఆ మార్పు ఆగలేదు కదా!

అయితే పట్టిక ఒక్కటే చాలదు. దీనికి మా ఊరి గిడుగు రామమూర్తి గారే గుర్తొస్తారు. ఇక్కడ బడిలో పాఠాలు చెబుతూ సవరలతో కూర్చుని వాళ్ల భాష నేర్చుకున్నారు. మాటలు పోగు చేసి నిఘంటువు కట్టడంతో సరిపెట్టలేదు, వ్యాకరణం రాశారు, అది 1931లో అచ్చయింది. మాటలన్నీ తెలిసినా వాటిని కూర్చే పద్ధతి తెలియకపోతే వాక్యం అర్థం కాదు. మెమరీలోనూ అంతే. జేవీఎం చాలాసార్లు ఆబ్జెక్ట్ చిరునామాను 32 బిట్లకు కుదించి పెడుతుంది. ఆ అంకెను ఎడమకు జరిపి, ఒక ఆధారం కలిపితేనే అసలు చిరునామా వస్తుంది. క్రోమ్ బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ నడిపే వీ8లో విలువ చివరి బిట్ 0 అయితే అది చిన్న పూర్ణాంకం, 1 అయితే ఆబ్జెక్ట్‌కు పాయింటర్. ఫీల్డ్ ఎక్కడుందో చెప్పి, అందులో ఉన్నది చదివే పద్ధతి చెప్పకపోతే సగం దారిలో వదిలేసినట్టే. వీ8 ఈ బిట్ల వివరాలను కూడా బైనరీలో సింబళ్లుగా (బయటినుంచి వెతుక్కోగలిగే పేర్లుగా) పెడుతోంది. మైక్రోసాఫ్ట్ రన్‌టైమ్ డాట్‌నెట్ వాళ్లు ఇంకాస్త ముందుకెళ్లారు. ఒక్కో రన్‌టైమ్ బిల్డ్‌కు సరిగ్గా జతపడే లైబ్రరీ ఉంటేనే పనిచేసే పాత పద్ధతి నుంచి, అమరికనూ దాన్ని చదివే విధానాన్నీ వెర్షన్ వేసిన కాంట్రాక్టులుగా రాసే పద్ధతికి మారుతున్నారు. నాకు నచ్చిన దారి అదే.

భద్రత గురించి కూడా అడుగుతారు. ఇంకో ప్రాసెస్ మెమరీ చదివే అనుమతి దొరికినవాడికి పట్టిక లేకపోయినా అడ్డు లేదు. సోర్స్ చూసి అంకెలు తెచ్చుకుంటాడు. దాచడం వల్ల ఇబ్బంది పడేది రాత్రి డ్యూటీ చేసేవాళ్లే. కానీ చదవడం వేరు, రాయడం వేరు. పెప్ 768 అనే మార్పు ప్రతిపాదన ద్వారా పైథాన్ 3.14లో వచ్చిన సౌకర్యంతో, అప్పటికే నడుస్తున్న ప్రోగ్రాంలో బయటి ప్రాసెస్ తన స్క్రిప్టు నడిపించవచ్చు. అది మంచి పనిముట్టే, అయినా ప్రొడక్షన్‌లో (కస్టమర్లు వాడే సర్వర్లలో) ఎవరు వాడొచ్చో తేల్చుకున్నాకే తెరవాలి. దాన్ని ఆపే ఏర్పాటు కూడా వాళ్లే ఇచ్చారు.

ఈ పట్టికల విలువ మాలాంటి ఊళ్లలో బాగా తెలుస్తుంది. వీఎం లోపలి సంగతులు తెలిసినవాడు పెద్ద కంపెనీలో పక్క కుర్చీలోనే ఉంటాడు, ఇక్కడ ఉండడు. కోర్ డంప్ పంపి చూపిద్దామంటే అందులో కస్టమర్ల వివరాలుంటాయి, గడప దాటించకూడదు. దాటించొచ్చన్నా, గిగాబైట్ల ఫైలు మా నెట్ మీద ఎక్కేసరికి తెల్లారుతుంది. ఉన్నచోటే చదువుకోవాలి, ఉన్నవాళ్లమే చదువుకోవాలి.

పైథాన్ 3.13 నుంచి ఆ వీలు వచ్చింది. రన్‌టైమ్ నిర్మాణం మొదట్లోనే అమరికల పట్టిక ఉంటుంది. దాని మొదటి 8 బైట్లు ఎక్స్‌డీబగ్‌పై (xdebugpy) అన్న గుర్తు, తర్వాత వెర్షన్, ఆ తర్వాత ఆఫ్‌సెట్లు, అంటే ఏ ఫీల్డ్ ఎన్నో బైట్ దగ్గర ఉందో చెప్పే అంకెలు. మా సర్వర్లు ఇప్పుడు 3.14కి మారుతున్నాయి. పాత స్క్రిప్టు తీసేశాను. కొత్తదాంట్లో 24 అన్న అంకె ఎక్కడా లేదు. ఆ 8 బైట్లు, ఆ వెర్షన్ సరిపోకపోతే అది ఒక్క ఫంక్షన్ పేరు కూడా చూపించదు.