గీత కొట్టిన ధరకు లెక్క చెప్పాలి

జీఎస్టీ తగ్గించి పండుగ కానుక ఇస్తామని 2025 ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట మీద నుంచి ప్రకటించారు. 28 శాతం శ్లాబు పోతుందన్న మాట బయటికి పొక్కగానే దేశమంతటా ఏసీల బేరాలు, పెద్ద టీవీల బేరాలు చల్లబడ్డాయి. కొనాలనుకున్నవాళ్లు దసరాకు చూద్దాంలే అని ఆగిపోయారు. ఆ ఐదు వారాల్లో ఏసీలో మారిందేమీ లేదు. కంప్రెసర్ అదే, రాగి గొట్టాలు అవే, వారంటీ కాగితమూ అదే. రేపు తగ్గుతుందని తెలిసేసరికి ఇవాళ్టి ధర ఎక్కువనిపించింది, అంతే.

సెప్టెంబరు 22న, శరన్నవరాత్రుల తొలిరోజున, ఏసీల మీదా 32 అంగుళాలు దాటిన టీవీల మీదా పన్ను 28 నుంచి 18 శాతానికి దిగింది. పన్నుతో కలిపి 40,000 రూపాయలున్న ఏసీ, కంపెనీ తన వాటా ముట్టుకోకుండా అమ్మితే, 36,875కు రావాలి. అంటే 3,125 రూపాయలు మిగులు. దానికోసం నెలపైన ఉక్కపోత భరించిన మనిషే, పక్కనే ‘ఎమ్మార్పీ 65,990, పండుగ ధర 36,990’ అన్న బోర్డు కనిపిస్తే 29,000 కలిసొచ్చిందని ఇంటికి ఫోను చేసి చెబుతాడు. మొదటి మిగులుకు ప్రభుత్వ గెజిట్ సాక్ష్యం ఉంది. రెండోదానికి ఆ బోర్డే సాక్ష్యం.

ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లోనూ ఆన్‌లైన్ అంగళ్లలోనూ గీత కొట్టి చూపే ధరకు ఈరోజు ఎవరూ జవాబుదారీ కారు. ఆ అంకెకు లెక్క చెప్పాల్సిన పరిస్థితిని కేంద్రం కల్పించాలన్నది మా వాదన.

ఎమ్మార్పీ పుట్టింది దుకాణదారు ఇష్టమొచ్చినంత గుంజకుండా ఆపడానికి. అది గరిష్ఠ హద్దు మాత్రమే. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం ఆ హద్దును నిర్ణయించేది తయారీదారే. ఎంత ఎత్తున పెట్టుకున్నా అడిగేవారు లేరు. కిరాణా కొట్లో దీనితో పెద్ద ఇబ్బంది రాదు. పది రూపాయల బిస్కెట్ ప్యాకెట్ పది రూపాయలకే పోతుంది. వారం వారం కొనే ఇల్లాలికి దాని ధర కంఠోపాఠం. టీవీ అలా కాదు. ఏడెనిమిదేళ్లకోసారి కొంటాం. కిందటిసారి ఎంత పెట్టామో గుర్తుండదు, ఉన్నా ఆ మోడల్ ఇప్పుడు దొరకదు. పైగా ఒకే టీవీకి ఆన్‌లైన్‌లో ఒక మోడల్ నంబరు, గొలుసుకట్టు షోరూములో మరో నంబరు. నాలుగు కొట్లు తిరిగి పోల్చుకుందామనే తెలివైన గృహస్థు కూడా అక్కడ చేతులెత్తేస్తాడు. పోల్చుకోవడానికి మరేదీ లేనివాడి చేతికి అమ్మకందారు ఒక అంకె అందిస్తాడు, దాని మీదే ఒక గీత కొడతాడు.

ఇది మన దగ్గర పుట్టిన విద్యేమీ కాదు. 2010 జనవరి 27న యాపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ ఐప్యాడ్‌ను చూపిస్తూ వెనక తెర మీద 999 డాలర్లన్న అంకెను చాలాసేపు నిలబెట్టారు. తర్వాత 499 వచ్చి దాన్ని నలిపేసింది. 999 పండితుల అంచనా మాత్రమే, ఆ ధరకు ఐప్యాడ్‌ను అప్పటికి ఎవరూ అమ్మలేదు, ఎవరూ కొనలేదు.

అదే కంపెనీ అంతకు మూడేళ్ల ముందు నిజమైన తగ్గింపు ఒకటి ఇచ్చి ఇబ్బందిలో పడింది. 2007 జూన్ చివర్లో 599 డాలర్లకు అమ్మకానికి పెట్టిన తొలి ఐఫోన్‌ను సెప్టెంబరు 5న 399కి దించింది. వేసవిలో కొన్నవాళ్లు భగ్గుమన్నారు. చివరికి వాళ్లకు 100 డాలర్ల చొప్పున స్టోర్ క్రెడిట్ ఇవ్వాల్సి వచ్చింది. నిన్న ఎక్కువ పెట్టి కొన్నవాడు ఇవాళ వచ్చి నిలదీశాడంటే ఆ తగ్గింపు నిజమైనదే. మన పండుగ అమ్మకాల్లో అరవై శాతం, డెబ్బై శాతం తగ్గింపులు కనిపిస్తుంటాయి. వాటి మీద పాత ఖాతాదారుల గొడవ ఎప్పుడైనా విన్నామా? ఎమ్మార్పీకి కొన్నవాడు ఉంటే కదా గొడవపడటానికి!

ధర పెట్టుకునే స్వేచ్ఛ అమ్మేవాడిదే. పాత సరుకు వదిలించుకోవడానికి తగ్గిస్తాడు, కొత్త మోడల్ వచ్చిందని తగ్గిస్తాడు, పోటీవాడు తగ్గించాడని తగ్గిస్తాడు. ఆ తగ్గింపుల వల్లే నిరుటి మోడల్ ఫోను డిగ్రీ చదివే కుర్రాడి చేతికి వస్తోంది. వాటిని ఆపమని ఎవరూ అడగడం లేదు. ధర తక్కువైతే చాలు గిరాకీ అదే వస్తుందన్న భ్రమా మాకు లేదు. ఆకాశ్ టాబ్లెట్ కథ హైదరాబాద్ మరిచిపోకూడదు.

2011 అక్టోబరు 5న అప్పటి మానవ వనరుల మంత్రి కపిల్ సిబల్ ఢిల్లీలో ఆవిష్కరించిన ఆ పరికరాన్ని డేటావిండ్ సంస్థ హైదరాబాద్‌లోని క్వాడ్ ఎలక్ట్రానిక్స్ చేత తయారు చేయించింది. సర్కారుకు పడిన ధర దాదాపు 2,276 రూపాయలు. ప్రపంచంలోకెల్లా చౌకైన టాబ్లెట్ అన్న పేరు మోగిపోయింది. ఏడంగుళాల తెర, 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్. తెర వేలి తాకిడికి పలికే రకం కాదు, గట్టిగా నొక్కాల్సిందే. నొక్కినా నిదానమే, బ్యాటరీ అంతంతమాత్రమే. పరీక్షించే బాధ్యత తీసుకున్న ఐఐటీ రాజస్థాన్‌కూ తయారీదారుకూ పేచీ వచ్చింది, తయారీదారుల మధ్యా వచ్చింది. 2012 నవంబరులో ఒక గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌తో, మెరుగైన తెరతో ఆకాశ్-2 రాష్ట్రపతి చేతుల మీదుగా విడుదలైంది. అప్పటికే ఆ పేరు చెబితే నాసిరకం అన్న ముద్ర పడిపోయింది. విద్యార్థికి దానితో ఏం జరుగుతుందో చెప్పడం మానేసి ఎంతకు వస్తుందో మాత్రమే ఊదరగొట్టిన ఫలితం అది. 2016లో 251 రూపాయలకే స్మార్ట్‌ఫోన్ అన్న ప్రకటన వచ్చినప్పుడు బుకింగుల తాకిడికి ఆ సంస్థ వెబ్‌సైటు కూలిపోయింది. ఫోను తయారీకి ఎంతవుతుందో కొనేవాడికి అందాజా లేదనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు.

ఈ రెంటికీ నడుమ షియోమీ వచ్చింది. 2014 జులైలో ఎంఐ 3ని 13,999కి ఆన్‌లైన్‌లో కొద్దికొద్దిగా వదిలి సెకన్లలో అమ్మేసింది. సరుకు దొరకలేదన్న మాటే దానికి సగం ప్రచారం చేసిపెట్టింది. మరుసటి ఏడాది ఆగస్టులో శ్రీసిటీలో బిగించిన రెడ్‌మీ 2 ప్రైమ్‌ను ముఖ్యమంత్రి చంద్రబాబు సమక్షంలో విశాఖలో 6,999కి విడుదల చేసింది. ఫోన్ల వంటి పరికరాల మీద తన నికర లాభం 5 శాతం దాటదని 2018లో బహిరంగంగా మాట ఇచ్చింది. సంస్థ మీద ఎన్ని విమర్శలున్నా, తన వాటా ఎంతో నోరు తెరిచి చెప్పిన అమ్మకందారు ఎలక్ట్రానిక్స్‌లో అరుదు. పైమెట్టున ఐఫోన్ 15, 16 ప్రారంభ ధర 79,900 ఉండగా, 2025లో ఐఫోన్ 17ను 82,900కు తెచ్చారు. అక్కడ ధర పెరిగితే గిరాకీ తగ్గే మాట అటుంచి, కొన్నవాడి పరపతి పెరిగినట్టు లెక్క.

అంత ధర సామాన్యుడికి అందేలా చేసింది నెలవారీ వాయిదా. 82,900ని 24 నెలలకు పంచితే 3,454. షోరూము కుర్రాడి నోట వినిపించేదీ, కొనేవాడి బుర్రలో నిలిచేదీ ఈ నాలుగంకెలే. సున్నా వడ్డీ అన్నదే లేదని, ఆ వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు చాటున దాస్తున్నారని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు గట్టిగా చెప్పింది. ఇప్పుడు ‘నో కాస్ట్ ఈఎంఐ’ నడుస్తోంది. వడ్డీకి సమానమైన మొత్తాన్ని ముందే ధరలో తగ్గించి, తర్వాత వాయిదాల్లో వడ్డీగా రాబడతారు. క్రెడిట్ కార్డు మీదైతే ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీ అదనం. రొక్కం ఇస్తాను, ఆ తగ్గింపు నాకూ ఇవ్వండని అడిగి చూస్తే అసలు సంగతి తేలుతుంది.

ఐరోపా సమాఖ్య ఈ చిక్కుకు ఒక దారి చూపింది. 2022 మే 28 నుంచి అక్కడ తగ్గింపు అని ప్రకటించే అమ్మకందారు అంతకు ముందు 30 రోజుల్లో తాను ఆ వస్తువును అమ్మిన అతి తక్కువ ధరను చూపాలి. ఆ ధరను ఓ మూల చిన్న అక్షరాల్లో వేసి, తగ్గింపు శాతాన్ని వేరే అంకె మీద కట్టడం కుదరదని 2024 సెప్టెంబరులో ఐరోపా న్యాయస్థానం తేల్చింది. ఆ కేసు అరటిపళ్లు, అనాసల ప్రకటన మీద! పళ్లకే అంత పట్టింపు ఉన్నప్పుడు అరవై వేల టీవీకి ఉండొద్దా? మన వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో ఆన్‌లైన్ మాయల మీద మార్గదర్శకాలిచ్చి పదమూడింటిని పేరు పెట్టి నిషేధించింది. ‘త్వరపడండి, రెండే మిగిలాయి’ అన్న బూటకం వాటిలో ఉంది. చివరి క్షణంలో ఛార్జీలు తగిలించడమూ ఉంది. ఎన్నడూ అమ్మని ధర మీద గీత కొట్టి చూపడం మాత్రం విడిగా ఆ జాబితాకు ఎక్కలేదు.

చీటీ మార్చితే జనం మారరన్న వాదన నిలవదు. ఏసీలకు కరెంటు పొదుపు నక్షత్రాల చీటీ 2010లో తప్పనిసరైంది. ఇప్పుడు పల్లెటూరి రైతు కూడా ఎన్ని స్టార్లని అడిగాకే ధర అడుగుతున్నాడు. 2026 జనవరి 1 నుంచి ఆ ప్రమాణాలు ఇంకా బిగిశాయి. నిన్నటి ఐదు నక్షత్రాల ఏసీ ఇవాళ నాలుగుకు దిగింది. పొగడ్తలో ఉండాల్సిన విలువను కొలతలోకి తెచ్చింది ఆ చీటీయే.

గీత కొట్టిన ధరకు లెక్క అడగడాన్ని చిన్న మొబైల్ దుకాణదారులు వ్యతిరేకించాల్సిన పని లేదు. హైదరాబాద్ కోఠిలోనో, విజయవాడ బీసెంట్ రోడ్డులోనో కొట్టు పెట్టుకున్నవాడు ఆన్‌లైన్‌వాడు చూపే డెబ్బై శాతంతో పోటీ పడలేక నలుగుతున్నాడు. ఫోన్లను ఒక్క ఆన్‌లైన్ అంగడిలోనే అమ్మే ప్రత్యేక ఒప్పందాలు, భారీ తగ్గింపుల మీద కాంపిటీషన్ కమిషన్ 2020 జనవరిలోనే దర్యాప్తుకు ఆదేశించింది. ఏళ్లు గడిచినా ఆ వ్యవహారం కోర్టుల చుట్టూ తిరుగుతూనే వచ్చింది. గీత కొట్టిన అంకెకు రుజువు అడిగితే ఆ పోటీలో సగం బూటకం రాలిపోతుంది.

దీనికి పార్లమెంటులో కొత్త బిల్లు అక్కర్లేదు. ఎమ్మార్పీ నిబంధనలు కేంద్ర వినియోగదారుల శాఖ చేతిలోనే ఉన్నాయి. జీఎస్టీ తగ్గినప్పుడు అమ్ముడుపోని సరుకు మీద కొత్త ధర చీటీ అంటించుకోవచ్చంటూ ఆ శాఖ కొద్ది రోజుల్లోనే ఉత్తర్వు ఇచ్చింది. అదే వేగంతో రెండు వాక్యాలు చేర్చాలి. తగ్గింపు చూపే చోటల్లా గత 30 రోజుల్లోని కనిష్ఠ అమ్మకపు ధరను అంతే పెద్ద అక్షరాల్లో వేయాలి. వాయిదా చెప్పే చోటల్లా మొత్తం కట్టాల్సిన సొమ్ము వేయాలి. అమలు చూడాల్సింది ఉభయ తెలుగు రాష్ట్రాల తూనికలు, కొలతల శాఖలు. పెట్రోలు బంకుల్లో లీటరు సరిగ్గా పడుతోందా అని తనిఖీ చేసే ఆ ఇన్‌స్పెక్టర్లు వచ్చే దసరా అమ్మకాలు మొదలయ్యేలోగా షోరూముల బిల్లు పుస్తకాలూ తెరిపించాలి. వాటిలో ఎమ్మార్పీకి అమ్మిన బిల్లు ఒక్కటైనా ఉందేమో వెతకాలి.