అనంతపురంలో నేవీ బేస్ ఎందుకు పెట్టాలంటే

నేవీకి ఒక అర్జీ పెట్టుకోవాలని తీర్మానించుకున్నాను. సబ్‌మెరైన్లను వేటాడే శిక్షణ కేంద్రం ఒకటి మా అనంతపురం జిల్లాకు ఇప్పించాలి. సముద్రం లేదు కదా అంటారు. తమిళనాడు అరక్కోణంలో మాత్రం ఉందా? ఆ పని చేసే పీ-8ఐ విమానాలు 2013 నుంచి అక్కడి నేవీ విమాన స్థావరం ఐఎన్ఎస్ రాజాలిలో ఉంటున్నాయి.

అనుభవం అంటారా, కంటికి కనబడనిదాన్ని కింద వెతకడంలో మాకు మించినోళ్లు లేరు. వాళ్లు నీళ్ల కింద ఇనుము వెతుకుతారు, మేము నేల కింద నీళ్లు వెతుకుతాం.

శబ్దాన్ని బట్టి నీళ్ల కింద వెతికే నేవీ సోనార్ రెండు రకాలు. ఒకటి నోరు మూసుకుని వినేది. సబ్‌మెరైన్ ప్రొపెల్లర్ చప్పుడో, లోపలి మోటార్ల మోతో చెవినపడితే అది ఏ దిక్కున ఉందో పట్టేస్తారు. ఈ విద్య మా వీధిలో ఆడోళ్లందరికీ వచ్చు. తెల్లారి నాలుగింటికి కొళాయి "స్స్స్" మని గాలి కక్కుతుంది. ఎంతసేపట్లో నీళ్లొస్తాయో, ఎన్ని బిందెలు నిండుతాయో మా పక్కింటి అక్క మంచం దిగకుండానే చెప్పేస్తుంది.

రెండోది పింగ్. శబ్దం వదిలి, తగిలి తిరిగొచ్చేదాకా పట్టిన టైమును బట్టి దూరం లెక్కగడతారు. సముద్రంలో శబ్దం సెకనుకు దాదాపు 1500 మీటర్లు పోతుంది, గాలిలో కంటే నాలుగు రెట్లకు పైనే. మేము బోరులో గులకరాయి వేసి చెవి ఆనిస్తాం. "డుబుక్" అంటే జల. "టక్" అంటే అప్పు. పింగ్‌తో చిక్కేమిటంటే, కొట్టిన ఓడ ఎక్కడుందో సబ్‌మెరైన్‌కూ తెలిసిపోతుంది. మాకూ అంతే, బోరు బండి మోత వినబడితే చాలు, పాత బాకీల వాళ్లు చేనుగట్టు మీదికొచ్చి కూర్చుంటారు.

పైన వెచ్చటి నీళ్లు, కింద చల్లటి నీళ్లు కలిసేచోట శబ్దం వంగి దారి తప్పుతుంది. సబ్‌మెరైన్ ఆ పొర కింద నక్కుతుంది. అందుకే హెలికాప్టర్లు సోనార్‌ను కేబుల్‌కు కట్టి పొర దాటించి దించుతాయి. "ఇంకో నూరడుగులు పోనీప్పా, బండ దాటితే జలే" అని అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని మా బోరు పాయింటు పెట్టే పెద్దాయన చెప్పేదీ అదే. ఆయనకు డిగ్రీ లేదు, ఫీజుంది.

సబ్‌మెరైన్ ఉక్కు వల్ల భూమి అయస్కాంత క్షేత్రంలో వచ్చే చిన్న తేడాను పసిగట్టే యంత్రం పీ-8ఐ తోకలో ఉంటుంది. ఆ విమానం మా చెనక్కాయ చేల మీద ఒక్క చుట్టు తిరిగితే, కింద శత్రుదళమే ఉందని ఢిల్లీకి ఫోన్ పోవడం ఖాయం. ఎండిన బోర్లలో ఇరుక్కున్న మోటార్లు అన్ని ఉన్నాయి మరి. వాటి పేరు కూడా సబ్‌మెర్సిబులే.

నాదీ ఒకటుంది, మూడో బోరులో, 700 అడుగుల్లో. టార్పెడో వద్దు సార్, పైకి తీసిస్తే చాలు. 1971 డిసెంబరులో విశాఖ దగ్గర పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ ఎలా మునిగిందో రెండు దేశాలూ ఇప్పటికీ ఒక మాట మీదికి రావు. నా మోటారు సంగతిలో తాడు అమ్మినాయన, తాడు కట్టినాయన కూడా అంతే.