పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట!

లినక్స్ వాడేవాళ్ల మధ్య ఒక మాట చాలాకాలంగా తిరుగుతోంది. ఈమ్యాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌నే డెస్క్‌టాప్‌కి విండో మేనేజర్‌గా, అంటే తెర మీద విండోలను అమర్చి మార్చే ప్రోగ్రామ్‌గా, పెట్టుకోవడం ఒట్టి పిచ్చి అని. చెప్పే కారణాలు కూడా దాదాపు ఒకే వరుసలో ఉంటాయి. ఎడిటర్‌ది ఆ పని కాదు. ఈమ్యాక్స్‌ను చాలావరకు రాసిన లిస్ప్ భాష స్లో. ఈమ్యాక్స్ ఒకే థ్రెడ్ మీద, అంటే ఒకసారికి ఒకే పని చేస్తూ, నడుస్తుంది కాబట్టి అది ఆగితే కంప్యూటరే ఆగిపోతుంది. అది క్రాష్ అయితే తెరిచి పెట్టుకున్నవన్నీ పోతాయి. అయినా ఇదంతా ఆధారపడే ఎక్స్11కే, అంటే లినక్స్‌లో విండోలను తెర మీద చూపించే పాత వ్యవస్థకే, రోజులు దగ్గరపడ్డాయి.

కొన్నేళ్లుగా నేను ఈ పిచ్చిలోనే ఉన్నాను. నా లెక్కలో ఆ ఐదింటిలో రెండు తప్పు, రెండు సగం నిజం, ఒకటి నిజం. ఆ నిజమైన దాన్ని జనం చివర్లో, అదీ వెటకారానికి వాడుకుంటారు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఈ పని చేసే ప్యాకేజీ పేరు ఈఎక్స్‌డబ్ల్యూఎం, అంటే ఈమ్యాక్స్ ఎక్స్ విండో మేనేజర్. 2015లో క్రిస్ ఫెంగ్ మొదలుపెట్టారు. 2024 నుంచి వేరేవాళ్లు కలిసి నిర్వహిస్తున్నారు. దీన్ని పెట్టుకుంటే ఫైర్‌ఫాక్స్ అయినా, వీడియో ప్లేయర్ అయినా, తెరిచిన ప్రతి ప్రోగ్రామూ ఈమ్యాక్స్‌లో ఒక బఫర్ అయిపోతుంది, అంటే తెరిచిన ఫైలు లాంటిది.

"ఎడిటర్‌ది ఆ పని కాదు." మరి ఎవరి పని? 1987లో ఎక్స్11 వచ్చినప్పటి నుంచీ అందులో విండో మేనేజర్‌కి ప్రత్యేకమైన సింహాసనం ఏమీ లేదు. తెర మీద బొమ్మ గీయించేది ఎక్స్ సర్వర్. విండో మేనేజర్ కూడా దానికి బ్రౌజర్ లాంటి ఇంకో క్లయింటే. తేడా ఒక్కటే. "రూట్ విండోలో (అన్నిటికీ అడుగున తెరంతా పరుచుకున్న విండో) ఎవరైనా కొత్త విండో చూపించాలన్నా, కదపాలన్నా ముందు నాకు చెప్పు" అని సర్వర్‌ను అడిగి పెట్టుకుంటుంది. ఆ అనుమతి ఒక సమయంలో ఒక్కరికే ఇస్తారు. ముందు ఎవరు అడిగితే వాళ్లదే. అడిగింది సీలో రాసిన ప్రోగ్రామా, హాస్కెల్‌లో రాసిందా, ఎడిటరా అన్నది సర్వర్‌కి పట్టదు. ఎక్స్ ప్రోటోకాల్ మాట్లాడటానికి ఈఎక్స్‌డబ్ల్యూఎం వాడే లైబ్రరీ కూడా పూర్తిగా ఈమ్యాక్స్ లిస్ప్‌లో రాసిందే. ఈమ్యాక్స్ సీ కోడ్‌లో ఒక్క లైను మార్చక్కర్లేదు.

పైగా ఎడిటర్ కాబట్టే వచ్చే లాభాలున్నాయి. ఫైలు నుంచి ఫైలుకి వెళ్లడానికి వాడే కంట్రోల్-ఎక్స్ బి తోనే బ్రౌజర్‌కీ వెళ్తాను. తెర అమరిక చెడగొట్టుకుంటే పాత అమరికను అన్‌డూ చేస్తాను. ఫైర్‌ఫాక్స్‌లో కంట్రోల్-ఎన్ నొక్కితే కింది బాణం నొక్కినట్టు పంపించమని చెప్పుకోవచ్చు. అలా పదిహేనేళ్ల వేళ్ల అలవాటు అన్ని చోట్లా పనికొస్తుంది. మనకి ఇంకో సదుపాయం కూడా ఉంది. ఈమ్యాక్స్‌లో తెలుగు టైపింగ్ పద్ధతులు ముందే ఉంటాయి, ఐట్రాన్స్, ఇన్‌స్క్రిప్ట్ రెండూ. ఈఎక్స్‌డబ్ల్యూఎంలో టైపింగ్ పద్ధతులను ఇతర ప్రోగ్రాములకు అందించే ఎక్స్ఐఎం భాగాన్ని ఆన్ చేసుకుంటే అవే పద్ధతులతో ఇతర ప్రోగ్రాముల్లోనూ టైపు చేయొచ్చు. ఒక్క పరిమితి ఒప్పుకోవాలి. మామూలు బఫర్‌ను రెండు చోట్ల ఒకేసారి చూపించవచ్చు, బ్రౌజర్ బఫర్‌ను అలా కుదరదు. ఉన్న విండో ఒక్కటే కదా.

"లిస్ప్ స్లో." దీని మీద ఎక్కువ సమయం పెట్టను. విండో మేనేజర్ ఒక్కో పిక్సెల్‌ను మోయదు. విండో తెరిచినప్పుడు, మూసినప్పుడు, మారినప్పుడు నాలుగు నిర్ణయాలు తీసుకుంటుంది, అంతే. క్యూటైల్ అనే ఇంకో విండో మేనేజర్‌ను పైథాన్‌లో రాశారు, స్టంప్‌డబ్ల్యూఎంను కామన్ లిస్ప్‌లో రాశారు. వాటిని స్లో అని ఎవరూ తిట్టరు.

ఇక "అది ఆగితే కంప్యూటరే ఆగుతుంది." సగం నిజం అన్నది ఇక్కడే. ఈమ్యాక్స్ 26 నుంచి లిస్ప్‌లో థ్రెడ్లున్నాయి కానీ అవి ఒకరు పక్కకు జరిగితేనే ఇంకొకరు కదిలే రకం. కాబట్టి ఈమ్యాక్స్ ఏదైనా పెద్ద పనిలో ఇరుక్కుంటే విండోలు మార్చడం ఆగుతుంది. కానీ పాట ఆగదు, వీడియో ఆగదు, వెనకాల నడిచే కంపైలేషన్ ఆగదు. అవన్నీ వేరే ప్రాసెస్‌లు, నేరుగా ఎక్స్ సర్వర్‌తో మాట్లాడుకుంటాయి. అయితే దీన్ని సమర్థించేవాళ్లు ఇక్కడితో ఆపేసి తప్పించుకుంటారు. నేను ఆపను. లైన్ మోడ్ అనే మామూలు పద్ధతిలో మీరు బ్రౌజర్‌లో కొట్టే ప్రతి కీ ముందు ఈమ్యాక్స్ చేతికి వెళ్లి, అది వదిలాకే బ్రౌజర్‌కి చేరుతుంది. కాబట్టి ఈమ్యాక్స్ ఇరుక్కుంటే మీ టైపింగూ ఆగుతుంది. చార్ మోడ్‌కి మారితే మీరు ప్రత్యేకంగా పెట్టుకున్న కొన్ని కీలు తప్ప మిగతావన్నీ సూటిగా ప్రోగ్రాముకే వెళ్తాయి.

అసలు ప్రమాదం మాత్రం విమర్శకులు చూపించే చోట లేదు. మొదటి నెలలో నాకు జరిగింది చెబుతాను. ఒక ఫోటో చూద్దామని మెటా కీతో (మామూలుగా ఆల్ట్) ఆశ్చర్యార్థకం కొట్టి, ఇమేజ్ వ్యూయర్ పేరు రాసి ఎంటర్ నొక్కాను. తెర మీద ఏమీ రాలేదు. ఆ కమాండ్‌తో మొదలైన ప్రోగ్రామ్ పూర్తయ్యే వరకూ ఈమ్యాక్స్ కాచుకుని కూర్చుంటుంది. ఆ ప్రోగ్రామేమో విండో మేనేజర్ తన విండోను చూపిస్తే గానీ ముందుకు వెళ్లదు. ఆ విండో మేనేజర్ ఈమ్యాక్సే. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు! ఈమ్యాక్స్‌లో చేస్తున్న పనిని ఆపే కంట్రోల్-జి నొక్కి బయటపడ్డాను. నేర్చుకున్నది ఏమిటంటే, కాచుకుని కూర్చోని కమాండ్, అంటే ఆశ్చర్యార్థకం బదులు ఆంపర్సాండ్ వాడాలి. పాస్‌ఫ్రేజ్ అడగడానికి జీపీజీ అనే ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రామ్ తెరిచే చిన్న విండోతోనూ ఇలాంటి చిక్కే రావచ్చు. అందుకే చాలామంది లూప్‌బ్యాక్ సెట్టింగ్ పెట్టుకుని, పాస్‌ఫ్రేజ్‌ను ఈమ్యాక్స్ అడుగున ఉండే మినీబఫర్ అనే చిన్న లైనులోనే అడిగేలా చేసుకుంటారు.

కంట్రోల్-జికి కూడా లొంగకపోతే? కంట్రోల్-ఆల్ట్-ఎఫ్3 నొక్కి టెక్స్ట్ కన్సోల్‌కి వెళ్లి, ఈమ్యాక్స్‌కి యూఎస్‌ఆర్2 సిగ్నల్ పంపితే అది చేస్తున్న పని వదిలేసి డీబగ్గర్‌లోకి వస్తుంది. ఇది వాడాల్సి రావడం అరుదు. కానీ తెలియకుండా ఈఎక్స్‌డబ్ల్యూఎం జోలికి వెళ్లొద్దు.

"క్రాష్ అయితే అన్నీ పోతాయి." ఇది నిజం అయ్యేది మనం సెషన్‌ను అలా కట్టుకుంటేనే. స్టార్ట్ఎక్స్ కమాండ్‌తో ఎక్స్‌ను మొదలుపెట్టేవాళ్లు ఎక్కువమంది, అప్పుడు నడిచే ఎక్స్ఇనిట్ ఫైలు చివరి లైనులో ఈమ్యాక్స్‌నే నడుపుతారు. ఆ ఫైలు పని ముగిస్తే సెషన్ ముగుస్తుంది, ఎక్స్ సర్వర్ వెళ్లిపోతుంది, దాంతోపాటు మిగతావన్నీ. ఇలా చూసే ఈ మాట పుట్టి ఉంటుంది. ఈమ్యాక్స్‌ను ఒక లూప్‌లో పెట్టి, పడిపోతే మళ్లీ లేచేలా చేసుకుంటే కథ మారుతుంది. ఎక్స్‌లో సేవ్‌సెట్ అనే ఏర్పాటుంది. విండో మేనేజర్ తన చేతిలోకి తీసుకున్న విండోలను అందులో రాసి పెడుతుంది. మేనేజర్ చనిపోతే సర్వర్ ఆ విండోలను తిరిగి రూట్ విండో కిందికి చేరుస్తుంది, చంపదు. ఈఎక్స్‌డబ్ల్యూఎం ఆ పని చేస్తుంది. బ్రౌజర్ ట్యాబ్‌లు అలాగే ఉంటాయి. పోయేది ఈమ్యాక్స్‌లో సేవ్ చేయని రాత. దానికి ఆటోసేవ్ ఉంది కానీ, చివరి ఆటోసేవ్ తర్వాత రాసిన ఒకటి రెండు వాక్యాలు పోవచ్చు. టర్మినల్‌ను ఈమ్యాక్స్ లోపలే నడిపేవాళ్లకి ఆ టర్మినల్ కూడా పోతుంది. అది మామూలు విండో మేనేజర్‌లో రాని నష్టమే, ఒప్పుకుంటాను.

మధ్యలో మా పక్షం వాళ్లకి కూడా ఒక మాట. "ఈమ్యాక్స్ ఒక ఆపరేటింగ్ సిస్టమ్, ఇక ఇంకేమీ అక్కర్లేదు" అని ఊదరగొట్టకండి. స్క్రీన్ లాక్‌కి వేరే ప్రోగ్రామ్ కావాలి. నెట్‌వర్క్ గుర్తుకి సిస్టమ్ ట్రేను విడిగా ఆన్ చేసుకోవాలి. రెండో మానిటర్ తగిలించడానికి ఇంకో భాగాన్ని సెట్ చేసుకోవాలి. కొత్తగా వచ్చినవాడు మొదటి రోజే మీటింగ్‌లో ప్రొజెక్టర్ తగిలించి తెల్లమొహం వేస్తే ఆ పాపం మీదే.

ఇక మిగిలింది ఎక్స్11. ఇది నిజం, దీనికి నా దగ్గర ఖండన లేదు. ఎక్స్11 స్థానంలోకి వస్తున్న వేలాండ్ మీద ఈఎక్స్‌డబ్ల్యూఎం నడవదు. ఈమ్యాక్స్ 29లో వేలాండ్ కోసం వచ్చిన ప్యూర్ జీటీకే బిల్డ్‌తోనూ నడవదు. ఉబుంటు 25.10 డెస్క్‌టాప్‌లో గ్నోమ్‌కి ఎక్స్ సెషన్‌ను తీసేశారు. పైన నేను గొప్పగా చెప్పిన పునాది, అంటే విండో మేనేజర్ కూడా మరో క్లయింటే అన్నది, వేలాండ్‌లో లేదు. అక్కడ సర్వర్, కంపోజిటర్ (విండోలన్నిటినీ కలిపి తెర బొమ్మ తయారుచేసేది), విండో మేనేజర్ మూడూ మామూలుగా ఒకే ప్రోగ్రామ్. ఒకే థ్రెడ్ ఉన్న ఎడిటర్‌కి ఆ మూడూ అప్పగిస్తే "అది ఆగితే అన్నీ ఆగుతాయి" అన్న మాట అప్పుడు పూర్తిగా నిజమవుతుంది, వీడియోతో సహా.

అందుకే మొన్న మా తమ్ముడు కొత్త ల్యాప్‌టాప్‌లో లినక్స్ ఎక్కించుకుని "అన్నయ్యా, నీ సెటప్ నాకూ పెట్టు" అంటే వద్దన్నాను. "మరి నువ్వెందుకు వాడుతున్నావ్?" అన్నాడు. నా పాత థింక్‌ప్యాడ్‌లో ఎక్స్ సర్వర్ ప్యాకేజీకి ఇంకా అప్‌డేట్లు వస్తున్నాయి మరి.