ఉప్పాడ రాళ్ళగట్టు గారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ రాళ్ళగట్టు గారికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి అని రాయబోయి ఆగిపోయాను. మొన్న పున్నమి పోటుకి తమరి ముందు వరస ఇంకో రెండడుగులు ఇసుకలోకి దిగబడిందని విన్నాను. మా అత్తయ్య వంటింటి గోడ బీటలు తీసిందని తమరూ వినే ఉంటారు. కాబట్టి ఉభయుల కుశలమూ అంతంతమాత్రమే.

నన్ను గుర్తుపట్టారో లేదో. కాకినాడ నుంచి బండి మీదొచ్చి, తమరి నెత్తిన కూర్చుని మొక్కజొన్న పొత్తు తిని, ఓ సెల్ఫీ దిగి పోయే వందలమందిలో నేనూ ఒకణ్ణి. మా అత్తయ్యది ఉప్పాడే. చిన్నప్పుడు వేసవి సెలవులకి వెళితే, వీధి గుమ్మం దగ్గర్నుంచి అలల దాకా పరుగు పందెం పెట్టుకునేవాళ్ళం. సగం దూరంలోనే ఆయాసం వచ్చేసేది. ఇప్పుడు ఆ ఇల్లూ లేదు, ఆ దూరమూ లేదు. వెనక్కి జరిగి కట్టుకున్న రెండో ఇంటి గుమ్మం దాకా సముద్రమే వస్తోంది. వయసొచ్చింది కదా, మాకెందుకు శ్రమ అని కాబోలు.

ముందుగా తమరి ఉద్యోగానికి అభినందనలు. ఫెయిలైన ప్రతిసారీ ప్రమోషన్ వచ్చే ఉద్యోగం ఈ దేశంలో తమరిది ఒక్కటే. (ఒక్కటే అంటే కొంతమంది నొచ్చుకుంటారేమో. పోనీ, అరుదు అందాం.) తుఫాను వస్తుంది. తమరు కుంగుతారు. బీచ్ రోడ్డు ముక్కలై సముద్రంలో పడుతుంది. పోలీసులు బారికేడ్లు పెడతారు. రెండోరోజు తెల్లచొక్కాలు వచ్చి, ప్యాంట్లు మడిచి, "శాశ్వత పరిష్కారం" అని టీవీ వాళ్ళకి చెప్పి వెళతారు. తర్వాత లారీలొస్తాయి. రాయి మీద రాయి పడుతుంది. మళ్ళీ ఏడాది ఆ రాయి కిందకీ, ఇంకో రాయి దాని మీదకీ. తమరి అడుగున ఎన్నేళ్ళ రాళ్ళున్నాయో, ఇంజనీర్లు పని కొలతలు రాసుకునే ఎం-బుక్కులకే తెలియాలి. మునిగిన రాయిని లెక్కపెట్టడానికి నీళ్ళలోకి ఎవరు దిగుతారు చెప్పండి?

తమరికి తోడు జియోట్యూబులు కూడా వేశారు కదా, 2010 ప్రాంతంలో. పెద్ద పెద్ద గుడ్డ గొట్టాల్లోకి ఇసుకా నీళ్ళూ కొట్టి, రాక్షసుల తలగడల్లాగా ఒడ్డు పొడుగునా పరిచారు. మా అత్తయ్య నేత మనిషి. ఒక్క జాంధానీ చీర కోసం ఇద్దరు మగ్గం ముందు నెలలకొద్దీ కూర్చునే ఊరు అది. ఆవిడ వెళ్ళి ఆ గుడ్డని రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, "ఉతుకుడికి ఆగదురా అబ్బాయ్" అంది. మేం నవ్వాం. ఇక్కడ ఉతికేది ఎవరో ఆవిడకి తెలుసు, మాకే తట్టలేదు. కొన్నేళ్ళకే అవి కొన్నిచోట్ల చిరిగాయి, కొన్నిచోట్ల కుంగాయి.

సరే, తమరి పనితనం గురించి. మొన్న సాయంత్రం పోటు వేళకి తమరి పక్కనే గంటసేపు నిలబడ్డాను. అల వచ్చి తమరిని ఢీకొంది. నీళ్ళు నిలువునా లేచి, రోడ్డు దాటి, స్కూటీ మీద వెళ్తున్న దంపతుల్ని నెత్తి మీంచి తడిపాయి. చూడ్డానికి భలే ఉంది. కానీ నేను పైకి కాదు, కిందకి చూస్తున్నాను. లేచిన నీళ్ళు పడ్డ చోటునే పడి, తమరి కాళ్ళ కింద ఇసుకని గోకి, బరబరా లాక్కుపోయాయి. ఇంకో అల. ఇంకాస్త ఇసుక. అలా పది పదిహేను అలలయ్యాక, ఆ చివర కుర్చీ అంత రాయి ఒకటి, కునికిపాట్లు పడే ముసలాయన తల వాలినట్టు, మెల్లగా ముందుకి ఒరిగింది. ఎవరూ చూడలేదు. ఇలాగేనన్నమాట తమరి కాపలా.

ఇసుక వాలు అలతో పోట్లాడేది కాదండీ. రానిచ్చేది. పైకి ఎక్కనిచ్చేది. ఎక్కుతుండగానే సగం నీళ్ళు తాగేసేది. నీరసించిన అల వచ్చిన దారినే పోయేది. పెద్ద తుఫానుల్లో ఇసుక కొంత లోపలికి పోయినా, సముద్రం నెమ్మదించాక చాలావరకు మళ్ళీ తెచ్చి పోసేది. అప్పూ తీర్పూ వాళ్ళిద్దరి మధ్యే జరిగిపోయేవి. తమరొచ్చాక చెంపదెబ్బకి చెంపదెబ్బ. తమరు వెనకున్న రోడ్డుని కొన్నాళ్ళు కాస్తారు, కాదనను. తమరు లేకపోతే మా అత్తయ్య రెండో ఇల్లూ ఈపాటికి ఉండేది కాదు, ఆ విశ్వాసం మాకుంది. కానీ ముందున్న బీచ్‌ని తినేశారు. పడవలు లాగి పెట్టుకోవడానికి, వలలు ఆరేసుకోవడానికి చోటే మిగల్లేదు. పైగా తమరు ఎక్కడ ఆగితే కోత అక్కడ మొదలు. ఆ పక్కవాళ్ళు మాకూ గట్టు కావాలంటారు. వాళ్ళకి వేస్తే వాళ్ళ పక్కవాళ్ళు. తమరి వంశానికి కుటుంబ నియంత్రణ వర్తించదు.

ఇంతకీ అసలు దొంగ సముద్రం కాదని తమరికీ తెలుసు. మన కోస్తాలో ఇసుకది కాలినడక ప్రయాణం. నైరుతి గాలుల నెలల్లో అలలు దక్షిణం నుంచి ఏటవాలుగా వచ్చి దాన్ని ఉత్తరానికి నడిపిస్తాయి. ఈశాన్య రుతుపవనాల నెలల్లో కొంత వెనక్కి వస్తుంది. ఏడాది మొత్తం లెక్క చూస్తే ఉత్తరానికే ఎక్కువ. ఈ దారిఖర్చంతా ఇచ్చేది గోదారి తల్లి. 1970ల్లో ఆవిడ ఏటా 15 కోట్ల టన్నుల ఒండ్రు డెల్టాకి మోసుకొచ్చేది. 1990లకల్లా అది 6 కోట్ల టన్నులకన్నా తక్కువైంది. మిగతాది చాలావరకు పైన మహారాష్ట్రలో జాయక్వాడి డ్యాం దగ్గర, తెలంగాణలో శ్రీరాంసాగర్ దగ్గర, ఇంకా అలాంటి ఎన్నో గోడల వెనక పడుకుని ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన కాటన్ దొరకి మేమంతా దణ్ణం పెట్టేవాళ్ళమే. ఆయన పుణ్యాన తిన్న అన్నం ఇంకా అరుగుతోంది. ఆనకట్టలొద్దని నేననను. నదికి కట్టిన ప్రతి గోడకీ సముద్రం దగ్గర ఇంకో గోడ కట్టాల్సొస్తుందని ఎస్టిమేట్‌లో ఎవరూ రాయలేదు, అంతే.

వచ్చిన కాస్త ఇసుకలో కొంత కాకినాడ ముందర హోప్ ఐలాండ్‌గా సాగింది. పేరుకి ఐలాండ్, పుట్టుకకి గోదారి ఇసుక మేట. పదహారు కిలోమీటర్ల పైచిలుకు పొడుగున పడుకుని కాకినాడ రేవుకి అలలు తగలకుండా కాస్తోంది. దాని నీడ దాటగానే అలల ముందు నిలబడ్డది ఉప్పాడే. కాకినాడ నెత్తిన గొడుగు, ఆ గొడుగు అంచు నించి కారే నీళ్ళు మా నెత్తిన. ఆపైన రేవు కోసం వేసిన గోడలూ, ఓడల కోసం తవ్విన కాలవా ఉండనే ఉన్నాయి. నడిచే ఇసుకకి గుంత కనిపిస్తే ఆగి కూర్చుంటుంది, మనకి బస్టాండులో బెంచీ దొరికినట్టు.

తమరి బంధువులంతా క్షేమమేనా? చెన్నైలో పెద్దాయన, 1870ల్లో మొదలెట్టిన హార్బరు గోడ, బాగా గడించారు. దక్షిణం వైపు ఇసుక పోగేసి మెరీనా బీచ్ అని పేరు తెచ్చుకున్నారు. ఉత్తరాన రాయపురం వైపు ఇళ్ళు పోతే మాత్రం అది సముద్రం ఖాతాలో రాశారు. విశాఖలో మరీ తమాషా. హార్బరు కట్టే రోజుల్లో ఇసుకని ఆపడానికి రెండు పాత ఓడల్లో రాళ్ళు నింపి ముంచేశారు. ఇప్పుడు పోర్టు దగ్గర ఆగిపోయిన ఇసుకని డ్రెడ్జర్‌తో తోడి ఆర్కే బీచ్‌లో పోస్తుంటారు. ఇసుక చేయాల్సిన నడక మనం డీజిలు పోసి చేయిస్తున్నామన్నమాట. ఖర్చే. అయినా తమరికన్నా అదే నయమని నా అభిప్రాయం. పుదుచ్చేరిలో గోడలకి విసిగిపోయి, 2018లో నీళ్ళ అడుగున ఓ తిన్నె దించారు. అల ఒడ్డుకి రాకముందే అక్కడే కాస్త అలిసిపోతుంది. పోయిన బీచ్‌లో కొంత తిరిగొచ్చింది. ఈ ముక్క తమరి ముందు అనకూడదేమో, పోటీ కంపెనీ గురించి చెప్పినట్టుంటుంది.

ఇంకో శుభవార్త. ఈమధ్య దేశం తీరాన్ని మళ్ళీ కొలిచారు. 974 కిలోమీటర్లుండే మన రాష్ట్ర తీరం 1,053 కిలోమీటర్లయింది. కొత్తగా నేల రాలేదు, చిన్న స్కేలుతో ప్రతి వంకా కొలిచారు. అత్తయ్యకి చెబితే, "పెరిగిందాంట్లో మా పాత సందు ఉందేమో కనుక్కో" అంది. ఒడ్డు దగ్గర ఇళ్ళు కట్టడానికి ఆంక్షలు పెట్టే తీర నియంత్రణ జోన్ గురించి చెప్పే ధైర్యం చేయలేదు. 1991 నుంచీ ఆ రూలు పోటు గీతని పట్టుకునే నడుస్తోంది. ఇల్లు అంగుళం కదలకపోయినా, గీత నడిచొచ్చి ఇంటిని నిషేధిత ప్రాంతంలో కలిపేసుకుంటుంది. కట్టినవాడు దోషి, వచ్చిన సముద్రం చట్టబద్ధం.

తుఫాను వెలిసిన మర్నాడు మా వాళ్ళు దువ్వెనలూ పుల్లలూ పట్టుకుని తడి ఇసుక గీకడం తమరు చూస్తూనే ఉంటారు. బంగారం రేణువులు దొరుకుతాయి. పేపర్లవాళ్ళకి అది వింత. మునిగిన ఇళ్ళదీ, గుళ్ళదీ బంగారం అంటారు ఊళ్ళోవాళ్ళు. అత్తయ్య కూడా వెళుతుంది. ఓసారి ఆవాలంత ముక్క దొరికితే, కొంగున ముడేసుకుని, "ఇది మన సందుదే" అంది. ఎలా చెప్పగలవని నేనడగలేదు.

చివరగా ఒక చిన్న వినతి. తమరి ఉత్తరపు చివర, మూడో వరసలో, పైకి గుండ్రటి గుంత ఉన్న నల్లరాయి ఒకటి ఉంటుంది. అది కొండరాయి కాదు, మా అత్తయ్య రోలు. పాత వంటిల్లు కూలినప్పుడు అక్కడే ఉండిపోయింది. తర్వాత లారీ రాళ్ళు దాని చుట్టూ పడ్డాయి. మొన్న చూశాను, చుట్టూ ఉన్నవన్నీ ఒరిగాయి గానీ అది కదల్లేదు.

ఇట్లు,
తమరి నెత్తిన కూర్చునేవాళ్ళలో ఒకడు

తా.క.: ఆ రోలుని కూడా కొలిచి బిల్లులో ఎక్కించేసి ఉంటే, ఆ డబ్బు మా అత్తయ్యకి ఇప్పించగలరు. ఎక్కించకపోతే రోలు ఇప్పించగలరు. పప్పు రుబ్బుకోవాలంటోంది.