అన్‌డిఫైన్డ్ గారికి, మాదాపూర్ నుంచి

వెబ్ పేజీలు నడిపే జావాస్క్రిప్ట్ భాషలో, ఇంకా విలువ పెట్టని పేర్ల దగ్గర కాపురముంటున్న అన్‌డిఫైన్డ్ గారికి నమస్కారాలు.

మొన్న రాత్రి పదిన్నరకి మా ఆఫీసంతా మిమ్మల్నే తలుచుకున్నాం. ఓ హోటల్‌కి ఆర్డర్ల పేజీ చేసిచ్చాం. బిర్యానీ 320, డెలివరీ 40. ఆ డెలివరీ వేరియబుల్ (విలువ దాచుకునే డబ్బా) పేరులో నేను ఒక్క అక్షరం తప్పు కొట్టాను. ఇలాంటి తప్పుల్ని పట్టుకునే స్ట్రిక్ట్ మోడ్ లేని పాత ఫైలు. తప్పని అరవాల్సింది పోయి మీ భాష ఏం చేసింది? ఆ తప్పు పేరుతోనే కొత్త గ్లోబల్ వేరియబుల్‌ని పుట్టించి, చేతిలో 40 పెట్టి ఊరి మీదికి వదిలింది. అసలు పేరు దగ్గర మీరు కూర్చున్నారు. 320కి మిమ్మల్ని కలిపితే 'నాట్ ఎ నంబర్'. పొట్టిగా నాన్. బిల్లు మీద అదే పడింది.

"బిర్యానీ చెప్తే నాన్ ఎందుకేశారు భయ్యా?" అని కస్టమర్ ఫోను.

మీ చోట మీ తమ్ముడు నల్ (కావాలని పెట్టే 'ఖాళీ') ఉన్నా సున్నా కింద లెక్కపడి 320 వచ్చేది. రెండు ఈక్వల్ గుర్తులతో అడిగితే మీరిద్దరూ సమానమేనట, కూడికల దగ్గరే వేరు కాపురం! ఇక ఆ నాన్ రకం ఏమిటని టైపాఫ్‌ని అడిగితే 'నంబర్' అంటుంది. పైగా అది తనకు తానే సమానం కాదు.

అమీర్‌పేటలో కోచింగ్‌కి వెళ్లినప్పుడు హాయిస్టింగ్ నాకు ఒక్క సామెతతో అర్థమైంది: ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. పేరుని ప్రకటించే వార్‌ని ఎక్కడో కింద రాసినా పేరు ముందే పైకొచ్చేస్తుంది. విలువ వచ్చేదాకా సోమలింగం బదులు మీరే పలుకుతారు. అసలు ప్రకటించని పేరైతే 'నాట్ డిఫైన్డ్' అని ఎర్రక్షరాలు. అంటే మీరు వేరు, అది వేరు. (ఈ తేడా చెప్పలేక ఒక ఉద్యోగం పోగొట్టుకున్నాను, అది వేరే ఏడుపు.) ఆ ఊరూ పేరూ లేనివాడి గురించే టైపాఫ్‌తో అడగండి, నెమ్మదిగా మీ పేరే చెబుతుంది. వార్‌కి బదులుగా 2015లో వచ్చిన లెట్‌తో ప్రకటించిన పేరుని మాత్రం దాని లైను రాకముందు ముట్టుకుంటే టైపాఫ్‌కైనా ఎర్రరే. లేనివాడికి మర్యాద, రాబోయేవాడికి చీవాట్లు!

1995లో బ్రెండన్ ఐక్ ఈ భాషని పది రోజుల్లో కట్టారట. మా దగ్గర శ్లాబు క్యూరింగ్‌కే అంతకన్నా ఎక్కువ పడుతుంది.

ఆ రాత్రికి, విలువ లేకపోతే సున్నా అనుకోమని రాసి ఇంటికెళ్లాం. పొద్దున్నే హోటల్ ఓనర్ ఫోను: "డెలివరీ ఫ్రీ అని ఎవరు పెట్టమన్నారు?" మీ పేరు చెప్పాను. నంబర్ ఇమ్మంటున్నాడు.