పేజీ ఎప్పుడు మారాలో చదివేవారే నిర్ణయించుకోవాలి

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఉండే నా మిత్రుడికి చూపు లేదు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాయంతో కంప్యూటర్ వాడతాడు. మొన్న వాన ముసురు పట్టిన రోజున తుపాను వార్తల పేజీ ఒకటి తెరిచాడు. మూడో పేరా దాకా వచ్చాడో లేదో, పేజీ తనంతట తానే మళ్లీ లోడయింది. గొంతు మళ్లీ శీర్షిక దగ్గర మొదలుపెట్టింది. నాలుగుసార్లు అదే జరిగింది. తుపాను ఎక్కడ తీరం దాటుతుందో తెలుసుకోకుండానే కంప్యూటర్ కట్టేశాడు.

ఇన్ని సెకన్లకోసారి తనను మళ్లీ తెచ్చుకోమని బ్రౌజర్‌కు పేజీ ఇచ్చే ఆదేశమే ఇందుకు కారణం. 1992లో కాన్సాస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన లింక్స్ (Lynx) అనే, బొమ్మలు లేకుండా అక్షరాలే చూపించే బ్రౌజర్ ఈ ఆదేశాన్ని గుడ్డిగా పాటించదు. ఎన్ని సెకన్లన్నది చెబుతూ పేజీ పైభాగాన ‘రిఫ్రెష్’ అనే లింకు చూపించి ఊరుకుంటుంది. కావాలంటే నొక్కుతాం, లేదంటే చదువుకుంటూ పోతాం. దీన్ని లోపమని ఫిర్యాదు చేసేవారున్నారు. నా దృష్టిలో బ్రౌజర్ పాఠకుడికి ఇవ్వగల మర్యాదల్లో ఇంతకు మించినది లేదు.

క్రికెట్ స్కోరుకూ తుపాను గమనానికీ ప్రతిసారీ మీట నొక్కాలా అని అడుగుతారు. ఈలింక్స్ (ELinks) అనే మరో అక్షరాల బ్రౌజర్ ఈ ఆదేశాన్ని పాటిస్తుంది కూడా, వద్దనుకుంటే ఆపుకోవచ్చు. అడిగినవారికి ఆ సౌకర్యం ఉండనివ్వండి. అడగనివారి మీద రుద్దడమే తప్పు. సమాచారం పాతబడుతుందన్న భయముంటే, చివరిసారి సవరించిన సమయాన్ని పేజీలో మొదటి వరుసలోనే రాయండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరాన్ని తాకాక కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. అలాంటి వేళ సిగ్నల్ ఒక్క క్షణం దొరికితే ఒక పేజీ వస్తుంది. అది అలాగే నిలిస్తే పదిమందీ చదువుకుంటారు. తనంతట తాను మళ్లీ తెచ్చుకోబోయి సిగ్నల్ తెగితే, చేతిలో ఉన్న సమాచారమూ పోయి తెర మీద దోష సందేశం మిగులుతుంది. చూపున్నవారికీ ఆ నష్టం తప్పదు.

వికలాంగులకు వెబ్‌ను అందుబాటులోకి తెచ్చే మార్గదర్శకాలు 1999లోనే పేజీలను ఇలా పదేపదే రిఫ్రెష్ చేయవద్దన్నాయి. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఉంది. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. అదే ఏడాది అక్టోబరులో విశాఖకు గూగుల్ డేటా సెంటర్ ప్రకటన వచ్చింది, 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో. వేల సర్వర్లకు చోటిస్తున్న ఈ ఊరిలో, ప్రజల కోసం నడిచే ప్రతి వెబ్‌సైటునూ చూపులేనివారి చేత చదివించి చూశాకే జనంలోకి వదలాలి. ఆ పరీక్షకు నా మిత్రుడు ఈ రోజే సిద్ధంగా ఉన్నాడు.