పిల్లల బరువు తగ్గించే యాప్ గారికి, పీఈటీ సారు రాయునది

అయ్యా యాప్ గారూ,

నేను నెల్లూరులో ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీని. మెడలో విజిల్ ఉంది గానీ ఊదడానికి గ్రౌండ్ లేదు. ఉన్న కాస్త జాగాలో స్కూలు బస్సులు నిలబెడతారు. మొన్న పేరెంట్స్ మీటింగులో పిల్లలు లావైపోతున్నారని ఇద్దరు ముగ్గురు తల్లులు గోల పెడితే, మేనేజ్‌మెంట్ వాళ్లు మిమ్మల్ని డౌన్‌లోడ్ చేసుకోమన్నారు. నన్ను స్లిప్ టెస్టుల ఇన్విజిలేషన్‌కి వేశారు. నా కుర్చీలోకి వచ్చిన వారు కదా, పలకరించకపోతే బాగుండదని ఈ ఉత్తరం.

మా ఏడో తరగతి కుర్రాడొకడు మీకు వీరభక్తుడు. సాయంత్రం వాళ్ల ఇంటి ముందుగా పోతుంటే అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో పులిబొంగరాల ప్లేటు, పక్కన ఎర్రకారం. కుడిచేత్తో తింటా, ఎడమచేత్తో ఫోను ఊపుతా ఉన్నాడు.

"ఏందిరా అది?"

"స్టెప్స్ సార్. ఆరువేలు అయినాయి. ఇంకా నాలుగువేలు ఊపాల."

తిన్నది కూడా నిజాయితీగా ఎక్కించాడు, ఇడ్లీ రెండు అని. అదేందిరా అంటే, "ఇందులో పులిబొంగరాలు లేవు సార్, అవకాడో టోస్ట్ ఉంది" అన్నాడు. వాళ్లమ్మ చేపల పులుసు ఎక్కించబోతే ఎన్ని గ్రాములని అడిగారంట మీరు. మామిడికాయ ముక్కలతో కలిపా, తీసేసా? ఆమె ఫోను పక్కనపెట్టి గరిటె అందుకుంది.

ఆ పదివేల అడుగులు డాక్టర్లు పెట్టిన లెక్క కాదు. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే మీటరు అమ్ముకోవడానికి పెట్టింది. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మా టైంటేబుల్లో ఆటలకిచ్చింది వారానికి ఒక్క పీరియడ్, అదీ కాగితం మీద.

అన్నిటికన్నా మీ బీఎంఐ లెక్క, అదే ఎత్తుకి తగ్గ బరువు ఉందా అని చూసేది, చూసి నాకు కళ్లు తిరిగాయి. చేరేటప్పుడు పుట్టిన సంవత్సరం అడిగారు. చిన్నపిల్లలంటే అమ్మానాన్నల అనుమతి కావాలంటారని వాడు 1985 కొట్టాడు. మీరు నమ్మారు! మీసం మొలవని వాణ్ణి ఒక్క నొక్కుతో నలభై దాటించి పెద్దవాళ్ల పట్టీలో వేశారు. ఎత్తు 150 సెంటీమీటర్లు, బరువు 54 కిలోలు, బీఎంఐ 24. పెద్దవాళ్ల లెక్కలో అది 25 లోపే కాబట్టి 'నార్మల్' అని ఆకుపచ్చ టిక్కు పెట్టారు. పన్నెండేళ్ల మగపిల్లాడికి అదే 24 అధిక బరువు, ఊబకాయం అంచుకి చేరినట్టే. పిల్లలకి వయసునిబట్టి, ఆడా మగానిబట్టి వేరే చార్టు ఉంటుంది. ఆ చార్టు నా బీరువాలో ఉంది, కావాలంటే జిరాక్స్ తీయించి పంపుతాను.

అనుమతి సంగతి మీ కులంలో ఒకరికి ఇప్పటికే తగిలింది. 8 నుంచి 17 ఏళ్ల పిల్లల కోసం అమెరికాలో కుర్బో అని ఒక యాప్ ఉండేది. 13 ఏళ్లలోపు పిల్లల వివరాలు తల్లిదండ్రులకి సరిగా చెప్పకుండా పోగేసిందన్న కేసులో, 2022లో దాని కంపెనీ 15 లక్షల డాలర్లు కట్టి రాజీ పడింది. పోగేసిన వివరాలు, వాటితో తయారుచేసిన లెక్కల పద్ధతులు కూడా చెరిపేయాల్సి వచ్చింది. మన దేశంలోనూ ఇట్టా జనం వివరాలు పోగేయడం మీద 2023లో చట్టం చేశారు. అందులో 18 నిండేదాకా పిల్లలే.

మీరు బొత్తిగా పనికిరారని నేననను. డాక్టరు చూస్తూ, ఇంట్లో అందరూ తిండి మార్చుకుంటే మీరూ ఒక చెయ్యి వేయొచ్చు. కానీ పులుసన్నం తిన్నందుకు పిల్లాడికి ఏడుపు మొహం బొమ్మ పంపడమేంది? వాడు మధ్యాహ్నం బాక్సు మూత తెరవకుండా తిరిగి తీసుకెళుతున్నాడు. కబడ్డీలో వాణ్ణి పట్టాలంటే ముగ్గురు కావాల. ఆ సంగతి ఎక్కించడానికి మీలో గడి లేదు.

ఒక చిన్న సాయం కావాలి. శుక్రవారం ఆఖరి పీరియడ్ ఎదురుగా ఇప్పటికీ 'గేమ్స్' అనే రాసి ఉంది. పోర్షన్ అయ్యేదాకా వదలనని లెక్కల సారు అందులోనే కూర్చున్నాడు. రాత్రి పదింటికి పిల్లలకి 'లేచి నడువు' అని పంపుతుంటారే, అట్టాంటిది శుక్రవారం మూడున్నరకి ఆయన ఫోనుకి ఒకటి పంపగలరా?

ఇట్లు,
పీఈటీ (ప్రస్తుతం ఇన్విజిలేటరు), నెల్లూరు